కోసిన పండుకు ఓజోను: నిలువ ఎంత, నమ్మకం ఎంత?

వేసవిలో గుడారి చుట్టుపక్కల సంతలు తిరిగినవారికి ఈ దృశ్యం కొత్తది కాదు. ఉదయం గంపలో నిగనిగలాడిన మామిడిపండు సాయంత్రానికి మెత్తబడుతుంది, తొడిమ దగ్గర నల్లబడుతుంది, చివరకు అడిగినవాడు అడిగిన ధరకే చేయి మారుతుంది. నియమగిరి కొండలపై డొంగ్రియా కోందులు పండించే అనాస, అరటి, పనసల గతి కూడా ఇదే. చాటికోన బుధవారపు సంతకు తెల్లవారుజామున బరువు మోసుకొని దిగివచ్చిన గిరిజనుడు సాయంత్రం ఆ బరువును మళ్ళీ కొండకు ఎక్కించలేడు. ఈ సంగతి కొనే షావుకారుకు బాగా తెలుసు. పండు ఇంకొక నాలుగు రోజులు ఆగగలిగితే బేరం తీరే మారిపోతుంది. కనుక పండు నిలువ అనేది మన ప్రాంతంలో శాస్త్ర విషయం మాత్రమే కాదు, కూలి గిట్టుబాటు విషయం కూడా.

భారత వ్యవసాయ పరిశోధన మండలికి చెందిన లూధియానాలోని కోత అనంతర సాంకేతిక సంస్థ 2015లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, దేశంలో కోత మొదలు అమ్మకం వరకు జరిగే నష్టం జామలో 15.88 శాతం, మామిడిలో 9.16 శాతం, అరటిలో 7.76 శాతం. ఇవి దేశమంతటికీ సరాసరి అంకెలు. శీతల గిడ్డంగి, మంచి రహదారి, దగ్గరలో పెద్ద మార్కెట్టు ఉన్నచోట నష్టం తక్కువగా ఉంటుంది. ఆ మూడూ కొరవడిన కొండ ప్రాంతంలో సరాసరిని చూసి తృప్తి పడడానికి వీలులేదు.

ఈ నేపథ్యంలో ఓజోను యంత్రాల ప్రకటనలు విరివిగా కనబడుతున్నాయి. రసాయనం లేదు, అవశేషం లేదు, పండు వారాల తరబడి తాజాగా ఉంటుంది అని వాటి సారాంశం. ఇందులో నిజం ఎంత, అతిశయోక్తి ఎంత, మన ప్రాంతపు రైతు సంఘానికిగాని వర్తకునికిగాని ఇది అక్కరకు వచ్చేదేనా అన్నది పరిశీలించవలసి ఉన్నది.

మనం పీల్చే ప్రాణవాయువు అణువులో రెండు ఆక్సిజన్ పరమాణువులు ఉంటాయి. మూడు పరమాణువులు కలిసినది ఓజోను. ఆ మూడవ పరమాణువు ఇంటికి వచ్చిన చుట్టం వంటిది, ఎక్కువసేపు నిలువదు. ఎదుట ఏది కనబడితే దానిని పట్టుకొని, దానిని దహించి, ఓజోనును తిరిగి మామూలు ఆక్సిజనుగా మార్చి వెళ్ళిపోతుంది. ఉరుములు మెరుపులతో వాన కురిసిన తరువాత గాలిలో వచ్చే ఘాటైన వాసన, పాత జిరాక్సు యంత్రాల గదిలో వచ్చే వాసన చాలావరకు దీనివే. బాసెల్ నగరంలో ఆచార్యుడుగా ఉన్న షోన్‌బైన్ 1840లో ఈ వాయువును గుర్తించి, గ్రీకు భాషలో 'వాసన' అనే అర్థమిచ్చే మాటతో పేరు పెట్టాడు. వెర్నర్ సీమెన్స్ 1857లో విద్యుత్తుతో దీనిని తయారుచేసే గొట్టాన్ని నిర్మించాడు. ఫ్రాన్సులోని నీస్ పట్టణంలో 1906 నుంచి తాగునీటి శుద్ధికి వాడారు. అంటే ఇది నిన్న మొన్నటి వింత కాదు. ఆహార పదార్థాలపై సూక్ష్మజీవుల నివారణకు నేరుగా వాడవచ్చునని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2001లో అనుమతించిన తరువాత పండ్లు, కూరగాయల వ్యాపారంలో దీనికి ఆదరణ పెరిగింది.

ఆకాశంలో ఎంతో ఎత్తున సూర్యుని అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే ఓజోను పొర కూడా ఈ పదార్థమే. అక్కడ ఉన్నంతవరకు అది రక్షకుడు. మన ముక్కు దగ్గరకు వస్తే మాత్రం విషవాయువు. ఈ తేడాను యంత్రాలు అమ్మేవారు సాధారణంగా చెప్పరు.

ఓజోను పండుకు ఏ విధంగా ఉపకరిస్తుందో తెలియాలంటే, పండు ఎందుకు చెడుతుందో ముందు తెలియాలి. చెట్టు నుంచి కోసినంత మాత్రాన కాయ చనిపోదు. అది శ్వాసిస్తూనే ఉంటుంది, తనలో దాచుకున్న పిండి పదార్థాన్ని చక్కెరగా మార్చుకుంటూ, వేడిని, తేమను వదులుతూ ఉంటుంది. మామిడి, అరటి, పనస, జామ, బొప్పాయి, సీతాఫలం వంటివి పక్వానికి వచ్చే సమయంలో ఇథిలీన్ అనే వాయువును విడుదల చేస్తాయి. ఆ వాయువు పక్కకాయకు తగిలితే అదీ పండడం మొదలుపెడుతుంది. అది మరికొంత వాయువును వదులుతుంది. గంపలో ఒక్క కాయ మాగితే మిగిలినవన్నీ దాని వెంట పడతాయని మన పెద్దలు గమనించినది ఈ కారణంగానే. వరిగడ్డిలో కాయలు కప్పి మాగబెట్టే పద్ధతి కూడా ఈ వాయువును పట్టి ఉంచడమే. అనాస, నిమ్మ, బత్తాయి, ద్రాక్ష ఈ కోవకు చెందవు. అవి చెట్టు మీద ఎంత పండితే అంతే, కోసిన తరువాత తీపి పెరగదు.

రెండవ శత్రువు బూజు. మామిడిపై నల్లని మచ్చలు వేసే మచ్చ తెగులు, తొడిమ చుట్టూ గోధుమరంగుతో మొదలై కాయంతటినీ మింగే తొడిమ కుళ్ళు, ఈ రెండూ శిలీంధ్రాల వల్ల వచ్చేవే. ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. మచ్చ తెగులు శిలీంధ్రం పిందె దశలోనే, పూత సమయంలో కురిసిన వానలతో కాయపైకి చేరి, తొక్కలోనికి చొచ్చుకొని, అక్కడ నిద్రాణంగా ఉండిపోతుంది. పచ్చికాయలోని రక్షక పదార్థాలు తగ్గి పండు మెత్తబడే సమయానికి మేలుకుంటుంది. కోతనాడు కాయ నిర్మలంగా కనబడినా వారం తిరిగేసరికి మచ్చలు పొడసూపడానికి మూలం ఇదే. ఈ సంగతిని గుర్తుంచుకుంటే ఓజోను ఎక్కడ గెలుస్తుందో, ఎక్కడ ఓడుతుందో తేలికగా తెలుస్తుంది.

గెలిచే చోటు మొదట. ఓజోను బూజు సిద్ధబీజాల పైపొరను, సూక్ష్మజీవుల కణపు గోడను దహించి చంపుతుంది. ఆక్సీకరణ శక్తిని వోల్టులలో కొలిస్తే క్లోరిన్‌కు 1.36, ఓజోనుకు 2.07. పని పూర్తయ్యాక ఆక్సిజనుగా మారిపోతుంది కనుక పండుపై క్లోరిన్ వాసనవంటిది మిగలదు. గదిలోని గాలిలో తిరుగాడే ఇథిలీన్‌ను కూడా విచ్ఛిన్నం చేస్తుంది, కనుక ఒక కాయ మాగడం వల్ల పక్కకాయలు తొందరపడడం కొంత తగ్గుతుంది. అమెరికాలో 1995లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో బ్లాక్‌బెర్రీ పండ్లను 2 డిగ్రీల చల్లదనంలో 12 రోజులు ఉంచారు. మామూలు గాలిలో ఉంచిన పండ్లలో 20 శాతానికి కుళ్ళు కనబడగా, గాలిలో పది లక్షల పాళ్ళకు 0.3 పాలు ఓజోను ఉన్న గదిలోని పండ్లపై బూజు పెరగలేదు.

ఓడే చోటు తరువాత. కాలిఫోర్నియాలో నారింజలపై 2001 ప్రాంతంలో జరిగిన పరిశోధనలు మరింత జాగ్రత్తగా చదవదగినవి. పండుకు ముందే గాయంచేసి, బూజు అంటించి, 5 డిగ్రీల చల్లదనంలో 0.3 పాళ్ళ ఓజోనులో ఉంచారు. కుళ్ళే పండ్ల సంఖ్య తగ్గలేదు. కుళ్ళు మొదలవడం మాత్రం సుమారు వారం రోజులు ఆలస్యమయింది, కుళ్ళిన పండుపై సిద్ధబీజాల పొడి ఏర్పడలేదు. అంటే చెడిన పండు నుంచి మంచి పండుకు వ్యాధి అంటడం తగ్గిందన్నమాట. ఇదీ తక్కువ మేలు కాదు. కాని ఆ మేలు కూడా నాలుగువైపులా గాలి ఆడే పెట్టెలలో పెట్టిన పండ్లకే దక్కింది. మూసిన అట్టపెట్టెలోనికి ఓజోను చొరదు. దారిలో అట్టను, కాగితాన్ని, దుమ్మును దహించడంలోనే అది ఖర్చయిపోతుంది. మన దగ్గర వరిగడ్డి పరచిన గంపలో, పాత వార్తాపత్రికలు చుట్టిన పెట్టెలో పండు ప్రయాణం చేస్తుంది. అటువంటి గంపను ఓజోను గదిలో పెట్టడమంటే గడ్డికి చికిత్స చేయడమే.

తొక్క కింద నిద్రిస్తున్న మచ్చ తెగులును ఓజోను తాకలేదు. మామిడి రైతు ముఖ్యంగా తెలుసుకోవలసినది ఇదే. ఆ పనికి వేడినీరు మేలు. 52 డిగ్రీల వేడినీటిలో 5 నుంచి 10 నిమిషాలు కాయలను ముంచి, తీసి, ఆరబెట్టే పద్ధతి దశాబ్దాలుగా పరీక్షకు నిలిచినది. వేడి తొక్కలోనికి దిగుతుంది, వాయువు దిగదు. ఒక పెద్ద గుండిగ, ఒక ఉష్ణమాపకం, కనిపెట్టుకొని ఉండే ఒక మనిషి చాలు. వేడి 4, 5 డిగ్రీలు పెరిగితే తొక్క కమిలిపోతుంది కనుక ఉష్ణమాపకం లేకుండా చేతివేలితో అంచనా వేయడం కూడదు.

మోతాదు మించితే ఓజోను పండుకే హాని చేస్తుంది. అరటి తొక్కపై గోధుమరంగు మచ్చలు వస్తాయి. ఆకుకూరల రంగు వెలిసిపోతుంది. స్ట్రాబెర్రీలలో బూజుతోపాటు సువాసన కూడా తగ్గినట్లు ప్రయోగాలలో కనబడింది. సువర్ణరేఖను వాసనచూసి కొనే మన ప్రాంతంలో ఈ చివరి సంగతిని చిన్నదిగా తీసుకోరాదు.

ఇక మనుషుల విషయం. ఎనిమిది గంటలు పనిచేసే చోట గాలిలో ఓజోను పది లక్షల పాళ్ళకు 0.1 పాలు మించరాదని అమెరికా కార్మిక భద్రతా నిబంధన. 5 పాళ్ళు ఉంటే ప్రాణానికి వెంటనే ప్రమాదకరమని అక్కడి వృత్తి ఆరోగ్య సంస్థ లెక్క. మొదట కళ్ళు మండుతాయి, గొంతు గరగరలాడుతుంది, దగ్గు, ఛాతీలో బిగుతు వస్తాయి. ఉబ్బసం ఉన్నవారికి తక్కువ మోతాదే చాలు. చాలా స్వల్పమైన మోతాదులోనే ముక్కు దీనిని పసిగడుతుంది, కాని కొంతసేపటికి ఆ వాసనకు అలవాటుపడిపోతుంది. కనుక వాసన రావడం లేదు కాబట్టి వాయువు లేదనుకోవడం పొరపాటు.

ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. పది అడుగుల చదరపు గది, పది అడుగుల ఎత్తు, అంటే సుమారు 28 ఘనమీటర్లు. పది లక్షలకు ఒక పాలు ఓజోను అంటే ఘనమీటరుకు సుమారు 2 మిల్లీగ్రాములు. 0.3 పాళ్ళకు ఆ గది మొత్తానికి కావలసినది సుమారు 17 మిల్లీగ్రాములు మాత్రమే. గంటకు ఒక గ్రాము ఓజోను ఇచ్చే చిన్న యంత్రం దీనిని ఒక్క నిమిషంలో ఇచ్చేస్తుంది. గది ఖాళీగా ఉండి, వాయువు విచ్ఛిన్నం కాకుండా ఉంటుందనుకొంటే, గంటసేపు యంత్రం నడిచేసరికి అక్కడ 17 పాళ్ళు దాటుతుంది, అంటే ప్రాణాపాయ స్థాయికి మూడు రెట్లకు పైగా. నిజానికి గోడలు, పండ్లు, పెట్టెలు చాలాభాగాన్ని హరిస్తాయి కనుక అంతవరకు పోకపోవచ్చు. కాని యంత్రాన్ని వేసి తలుపు మూసి, మరునాటి ఉదయం గాలి మార్చకుండా కూలివానిని లోపలికి పంపడం ఎంత ప్రమాదమో ఈ లెక్కే చెబుతున్నది. ఓజోను గాలికంటె బరువైనది, నేలవైపు చేరుతుంది. గాలి బయటకు తోడే పంకా పైకప్పు దగ్గర కాక, నేలకు దగ్గరగా ఉండాలి. మోతాదు కొలిచే మీటరు, మోతాదు మించితే యంత్రాన్ని ఆపే ఏర్పాటు లేకుండా గదిలో ఓజోను వాడకం మొదలుపెట్టరాదని మా అభిప్రాయం. మీటరుకు డబ్బులు లేవనుకుంటే యంత్రానికీ డబ్బులు లేవనుకోవడమే క్షేమం.

నీటిలో కరిగించి వాడే పద్ధతి కొంత సురక్షితమైనది. ఓజోను కలిసిన నీటిలో పండ్లను కొన్ని నిమిషాలు కడుగుతారు. దీనికీ షరతులున్నాయి. స్వచ్ఛమైన నీటిలో 20 డిగ్రీల వద్ద ఓజోను సుమారు 20 నిమిషాలకు సగమవుతుంది. నీరు వేడెక్కినకొద్దీ కరిగేదీ తగ్గుతుంది, నిలిచేదీ తగ్గుతుంది. మన మే నెల తొట్టినీరు ఏ పాటి చల్లగా ఉంటుందో చెప్పనక్కరలేదు. నీటిలో మట్టి, సొన, ఆకుతుక్కు ఉంటే ఓజోను వాటితోనే తీరిపోతుంది. వంశధారలో కొత్తనీరు వచ్చిన రోజులలో ఎర్రనీటిలో ఓజోను పంపడం వృథా. ముందు మామూలు నీటితో మట్టి, సొన పోయేటట్లు కడిగి, తరువాత తేటనీటి తొట్టిలో ఓజోను వాడాలి. అనాసవంటి గరుకు పండు ముళ్ళ సందులలోని మట్టి పోకపోతే ఈ చికిత్సకు అర్థం లేదు.

గాలి నుంచి ఓజోను తయారుచేసే యంత్రానికి పొడిగాలి అవసరం. తేమగాలి పంపితే ఉత్పత్తి తగ్గుతుంది, లోపల నత్రికామ్లం ఏర్పడి భాగాలను తినివేస్తుంది. వానాకాలంలో కొరాపుట్, రాయగడ కొండలలోని గాలిని గుర్తుచేసుకొంటే, గాలిని ఆరబెట్టే పరికరం లేని చవక యంత్రం ఎంతకాలం పనిచేస్తుందో ఊహించవచ్చు. ఓజోను తగిలే చోట మామూలు రబ్బరు గొట్టాలు బీటలు వారుతాయి, స్టెయిన్‌లెస్ స్టీలు అయితే నిలుస్తుంది.

ఇంతకూ ముఖ్యమైన మాట ఒకటి మిగిలే ఉన్నది. ఓజోనుపై విజయవంతమైన ప్రయోగాలు చాలావరకు శీతల గిడ్డంగిలో జరిగినవే. ఓజోను చల్లదనానికి తోడు మాత్రమే, దానికి బదులు కాదు. మామిడిని 12, 13 డిగ్రీల వద్ద ఉంచితే శ్వాస నెమ్మదించి పండు నిలుస్తుంది. అంతకంటె చల్లబరిస్తే చలిదెబ్బ తగిలి తొక్క బూడిదరంగుకు మారుతుంది, తరువాత సరిగా మాగదు. అరటికి కూడా 13, 14 డిగ్రీలే హద్దు. ఆపిల్ పండ్ల గిడ్డంగిలో మామిడిని పెట్టి నష్టపోవడం ఈ తేడా తెలియక జరిగేదే. 35, 40 డిగ్రీల వేడిలో, రేకుల షెడ్డు కింద ఉన్న పండుకు ఎంత ఓజోను పట్టించినా లోపలి శ్వాస ఆగదు. పండు తన లోపల తయారుచేసుకునే ఇథిలీన్‌ను బయటి ఓజోను ఏమీ చేయలేదు.

కనుక గుడారి వంటి చోట వరుస ఇలా ఉండాలి. చిక్కంతో, ఒక అంగుళం తొడిమ ఉంచి కోయడం. సొన కాయపై కారకుండా తలకిందులుగా ఉంచి ఆర్చడం. నేలపై పోయకుండా నీడన గోనెపట్టాపై పరచడం. దెబ్బతిన్న కాయను, మాగిన కాయను అప్పుడే వేరుచేయడం. దీనికి ఖర్చు లేదు, ఓపిక మాత్రమే కావాలి. తరువాత చల్లదనం. విద్యుత్తు లేకుండా పనిచేసే చల్లని గదిని ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ 1980 దశకంలో రూపొందించింది. 165 సెంటీమీటర్ల పొడవు, 115 వెడల్పు, 67.5 ఎత్తున రెండు వరుసల ఇటుక గోడ కట్టి, వరుసల మధ్య 7.5 సెంటీమీటర్ల ఖాళీలో నది ఇసుక నింపి, ఉదయం, సాయంత్రం నీటితో తడపాలి. పైన గడ్డితో లేదా తడిపిన గోనెతో మూత, ఆ పైన పందిరి నీడ. వేసవిలో బయటికంటె 10 నుంచి 15 డిగ్రీల వరకు తక్కువ వేడి, దాదాపు 90 శాతం తేమ లోపల ఉంటాయి. సుమారు 100 కిలోల పండ్లు పడతాయి. వంశధార ఒడ్డున ఇసుకకు, నీటికి కొదవలేదు. ఇది పొడిగాలిలో బాగా పనిచేస్తుంది, ముసురు పట్టినప్పుడు అంతగా చేయదు. అందువల్ల మామిడికి, శరదృతువులో వచ్చే సీతాఫలానికి ఉపయోగం ఎక్కువ, వానలలో దిగే పంటకు తక్కువ.

ఇథిలీన్‌ను హరించడానికి చవకైన దారి కూడా ఉన్నది. పొటాషియం పర్మాంగనేట్ పట్టించిన చిన్న పొట్లాలను పండ్లకు తగలకుండా పెట్టెలో ఉంచితే అవి ఆ వాయువును పీల్చి దహిస్తాయి. మూసిన పెట్టెలో ఓజోనుకంటె ఇవే నయం.

ఓజోనుకు తగిన చోటు లేదని చెప్పడం మా ఉద్దేశం కాదు. రాయగడలోగాని, గుణుపురంలోగాని, సరిహద్దు ఇవతల పార్వతీపురంలోగాని కడిగి, వేరుచేసి, చల్లబరిచి, ప్లాస్టిక్ క్రేట్లలో పెట్టి దూరప్రాంతాలకు పంపే సామూహిక కేంద్రం ఉంటే, అక్కడ కడిగే నీటిని శుభ్రంగా ఉంచడానికి, గిడ్డంగి గోడలపై, క్రేట్లపై బూజు చేరకుండా చూడడానికి ఓజోను బాగా ఉపకరిస్తుంది. ఖాళీ గిడ్డంగిని పంట కాలానికి ముందు ఓజోనుతో శుద్ధిచేసి, గాలి పూర్తిగా మార్చి, తరువాత సరుకు దింపడం మనుషులకు, పండుకు హాని లేని వాడకం. సేంద్రియ పంటల శుద్ధికి అమెరికా నిబంధనలు ఓజోనును అనుమతిస్తున్నాయి కనుక రసాయనాలు వాడకుండా పండించే కొండ ప్రాంతాలకు ఆ దారి మూసుకుపోలేదు.

వర్తకులకు ఒక హెచ్చరిక. కాల్షియం కార్బైడుతో కాయలను మాగబెట్టడం నిషిద్ధం. 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలలో ఇది స్పష్టంగా ఉన్నది. దాని బదులు పది లక్షలకు 100 పాళ్ళు మించకుండా ఇథిలీన్ వాయువుతో మాగబెట్టడాన్ని 2016లో అనుమతించారు. ఆ మాగబెట్టే గదిలోనే ఓజోను యంత్రం కూడా పెడితే ఒకటి పోసినది రెండవది తోడేస్తుంది. రెండు పనులకు రెండు గదులు కావాలి.

ఇళ్ళలో కూరగాయలు కడగడానికి అమ్మే చిన్న ఓజోను పరికరాల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. తొక్కపై ఉన్న సూక్ష్మజీవులను, కొన్ని పురుగుమందుల అవశేషాలను అవి కొంత తగ్గించగలవు. కాయలోనికి ఇంకిన మందును తీయలేవు. మూసిన వంటగదిలో పసిపిల్లల దగ్గర వాటిని నడపడం మంచిది కాదు. ధారగా పడే నీటి కింద చేతితో రుద్ది కడగడం చాలా ఇళ్ళకు చాలు.

ఎవరైనా సంఘంగా ఏర్పడి యంత్రం కొనదలిస్తే అమ్మేవానిని అడగవలసినవి ఇవి: గంటకు ఎన్ని గ్రాముల ఓజోను ఇస్తుంది, ఆ లెక్క పొడిగాలితోనా, ఆక్సిజనుతోనా? గాలి ఆరబెట్టే పరికరం ధరలో చేరి ఉన్నదా? గదిలో, నీటిలో మోతాదు కొలిచే మీటర్లు ఏవి, వాటిని సరిచూసేది ఎవరు? మన మామిడిపై, మన అనాసపై, మన వేడిలో చేసిన పరీక్ష ఫలితం ఉన్నదా? కరెంటు పోయి వచ్చినప్పుడు యంత్రం తనంతట తాను మొదలవుతుందా? ఈ చివరి ప్రశ్నకు 'అవును' అని జవాబు వస్తే, గదిలో మనిషి ఉండగా కరెంటు వచ్చినప్పుడు ఏమి జరుగుతుందో కూడా అడగండి. కొనే ముందు ఒకే తోట నుంచి, ఒకే రోజు కోసిన కాయలను రెండు క్రేట్లలో వేయించి, ఒకదానికి చికిత్స చేయించి, రెండవదానిని మామూలుగా వదిలి, పది రోజులపాటు రోజూ కుళ్ళిన కాయలను లెక్కపెట్టి వ్రాసుకోవచ్చు. దీనికి నూటయాభై కాయలు, ఒక నోటుపుస్తకం సరిపోతాయి.